ముందుకే తెరుచుకునే తలుపులు

మారెన్ ఆ ఉదయానికి వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదిన్నరకు కాఫీ, పదింటికి నలభై మంది అతిథులకు కొత్త ఫ్యాక్టరీ చూపించడం, పన్నెండింటికి వెనక గుడారంలో భోజనం. డెన్మార్క్‌లోని ఈ పశ్చిమ యూట్లాండ్‌లో భోజనం పన్నెండు దాటితే మనుషులు మనుషుల్లా ఉండరు. అందుకని భోజనం కింద రెండు గీతలు గీసుకుంది.

పంది కార్జం రుబ్బి, కొవ్వు కలిపి, కాల్చి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ అది. ఆమె సొంతంగా గీసిన మొదటి కట్టడం. తనిఖీ అధికారి హెన్నింగ్ ఇవాళ సంతకం పెడితే సోమవారం పొయ్యిలు వెలుగుతాయి. పెట్టకపోతే పాత షెడ్డుకే పోతానని యజమాని ఐనర్ తేల్చి చెప్పాడు. మారెన్ మళ్ళీ ఇంకొకరి గీతలకు నకళ్ళు తీస్తూ కూర్చోవాలి.

పచ్చి మాంసం తగిలినదేదీ కాలిన మాంసం వైపు రాకూడదన్నది ఇలాంటిచోట మొదటి నియమం. మారెన్ ఆ నియమం మీద మనసు పారేసుకుంది. మాంసం ముందుకే పోతున్నప్పుడు మనుషులు మాత్రం వెనక్కెందుకు రావాలి? అందుకే తలుపులన్నీ ముందుకే తెరుచుకుంటాయి. అవతలి వైపు పిడి కూడా లేదు. గుమ్మంలో సొంత బూట్లు విడిచి ఎర్రవి తొడుక్కోవాలి. నడిమి గోడ దగ్గర ఎర్రవి విడిచి తెల్లవి తొడుక్కోవాలి. చివరి గదిలో తెల్లవి విడిచి బయటపడాలి. విడిచిన ఎర్ర బూట్లు జారుకుంటూ వచ్చి గుమ్మం పక్కనున్న కడిగే యంత్రంలో పడతాయి. ఎంత ముచ్చటైన ఏర్పాటో! సొంత బూట్లు ఎలా వస్తాయన్నది ఒక్కటే ఆమెకు తట్టలేదు.

మొదటి ఇరవై మంది వెళ్ళిన గంటకు పైగా అయ్యాక ఫోను మోగింది. చివరి గది నుంచి మేయరమ్మ.

"మారెన్, ఇక్కడ అందరం మేజోళ్ళతో నిలబడ్డాం. మా బూట్లేవమ్మా?"

ఐనర్ ఆ మాట విన్నాడు. "దానిదేముంది! ఒలుఫ్, బూట్లన్నీ బండిలో వేసుకుని చుట్టూ తిరిగి అటు తీసుకుపో!" అని బావమరిదిని తరిమాడు. ఒలుఫ్ మాట జవదాటే మనిషి కాదు. అన్నీ అంటే అన్నీ వేసుకుపోయాడు, గుమ్మంలో బూట్లు విప్పుకుని వరసలో నిలబడ్డ రెండో ఇరవై మందివి కూడా. ఆ వరసలో మొదటివాడు హెన్నింగ్.

"పోనీ ఎర్ర బూట్లివ్వు" అన్నాడు ఐనర్.

"ఉన్న ఇరవై జతలూ యంత్రంలో ఉన్నాయండీ. ఇంకో పన్నెండు నిమిషాలు."

"పన్నెండా!" అంటూ ఐనర్ కనిపించిన మీట నొక్కేశాడు. అంకె నలభైకి ఎగిరింది.

"అయ్యయ్యో, మధ్యలో ఆపితే మొదటినుంచి కడుగుతుందండీ!"

"ఎవరు పెట్టమన్నారే తల్లీ ఇలాంటిది?"

"మీరే కదండీ, ఏమాత్రం మురికి ఉండకూడదన్నారు!"

ఐనర్ మొహం కార్జం రంగుకు తిరిగింది. టైము పదకొండున్నర. ఎవరి కడుపో గట్టిగానే మాట్లాడింది. "లోపల ఇంకా మాంసం అడుగైనా పెట్టలేదు. మేజోళ్ళతోనే నడవండి బాబూ!" అన్నాడు.

"ఐనర్ గారూ, వద్దు! రెండో జట్టుకి చూపించాలని డోర్తె ఇప్పుడే గొట్టంతో నేలంతా కడిగింది!" మారెన్ గొంతు కీచుమంది. అప్పటికే హెన్నింగ్ తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

మారెన్ కళ్ళు మూసుకుంది. చప్ చప్ మని చప్పుడు వస్తుంది, తన బతుకు అక్కడితో సరి అనుకుంది. ఎంతకీ చప్పుడు రాలేదు.

కళ్ళు తెరిస్తే హాలు నడుమ హెన్నింగ్ ఒంటికాలి మీద నిలబడి బూడిదరంగు మేజోడు పిసికి చూసుకుంటున్నాడు.

"ఎప్పుడు కడిగారు?"

"పది నిమిషాలైంది" అంది గొట్టం పట్టుకుని నిలబడ్డ డోర్తె.

"ఊరుకోండి!"

"గొట్టం ఇంకా కారుతోంది, చూసుకోండి."

ఆయన బకెట్టు అడిగి నీళ్ళు గుమ్మరించాడు. నీళ్ళు ఒక్క క్షణం పరుచుకుని, అన్నీ కలిసి బయల్దేరాయి. కంటికి చదునుగా కనబడే నేల మీద అవి దారి వెతుక్కోలేదు. ఎప్పటినుంచో తెలిసిన దారిలా బల్లల కాళ్ళ పక్కగా మలుపు తిరిగి, ఏ మూలా ఏ అతుకులోనూ ఆగకుండా కాలవలోకి దిగిపోయాయి. మిగిలిన చెమ్మను పైనుంచి వచ్చే వెచ్చని గాలి తీసేసుకుంది. ఇరవై మందీ వంగి చూశారు. ఇంకొకసారి పొయ్యమన్నారు. ఆకలి సంగతి ఎవరికీ గుర్తులేదు. నేల మీద నీళ్ళు పోవడం ఇంత గొప్పగా ఉంటుందా అని ఐనర్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"నీళ్ళు నిలిచిన చోటే రోగం పుడుతుందమ్మా" అన్నాడు హెన్నింగ్ మెల్లగా. "ముప్పై ఏళ్ళుగా బూట్లు వేసుకుని ఫ్యాక్టరీలు తిరిగాను. నేలను ఇవాళే చూశాను." అక్కడే గోడకానించి సంతకం పెట్టాడు. మారెన్‌కు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సరిగ్గా పన్నెండింటికి నలభై మందీ మేజోళ్ళతో వెనక తలుపు తీశారు. బయట వాన. పార్కింగ్ స్థలం నడుమ మడమలు మునిగే నీళ్ళలో ఒలుఫ్ బండి ఒరిగి ఉంది. చుట్టూ నలభై జతల బూట్లు హాయిగా తేలుతున్నాయి. అవతల గుడారంలో వేడి కార్జం, నల్ల రొట్టె. ఇంకేం ఆలోచిస్తారు, అందరూ దిగి నడిచారు.

గుడారంలో మేజోళ్ళు పిండుకుంటూ హెన్నింగ్ అడిగాడు. "ఈ చెరువు గీసిందెవరు?"

"నేనే" అన్నాడు ఐనర్, రొట్టె కోస్తూ తలెత్తకుండా.

మారెన్‌కు రెండో పని భోజనం అవకముందే దొరికింది.