టైలరు తీసిన కొలత

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదికల్లా తమ్ముడి మోటారు సైకిలుకు వేళ్ళకు దెబ్బ తగలకుండా కాచే హ్యాండ్ గార్డులు బిగించాలి, పదింటికి కొండదారిలో ఒక్కసారి తిరిగి రావాలి. సాయంత్రం నాలుగింటికి బేరమాడిన మనిషి వచ్చి బండి తీసుకుపోతాడు. అమ్మేద్దామన్నది మరదలే.

తమ్ముడు జ్వరంతో పోయి ఎనిమిది నెలలైంది. ఉన్నన్నాళ్ళూ "కొండకి రా అన్నయ్యా, బండి నీకే ఇస్తా" అని ప్రాణం తీసేవాడు. "కొమ్మో రాయో తగిలి వేళ్ళు విరిగితే కత్తెర నువ్వు పడతావురా?" అని ఈయన తప్పించుకునేవాడు.

స్పేరు పార్టుల కొట్టువాడు అడిగాడు. "ఉత్త ప్లాస్టిక్‌వా, లోపల ఇనప బద్ద ఉన్నవా?"

"బద్దవే ఇవ్వు. వేళ్ళకేం కాకూడదు."

"హ్యాండిల్ రాడ్డు ఎంత లావండీ?"

"ఏడు సెంటీమీటర్లు."

"ఏడా! అది హ్యాండిలా, నీళ్ళ పైపా?"

"ముప్పయ్యేళ్ళుగా కొలతలు తీస్తున్నానయ్యా. నాకే చెప్తావా?"

నడుమైనా మెడైనా టేపు చుట్టూ తిప్పి కొలిచే చెయ్యి, రాడ్డునూ అలాగే కొలిచింది. కొట్టువాడు అడ్డంగా కొలిచే లెక్కలో విన్నాడు. వాదించే ఓపిక లేక, ఉన్నవాటిలో రాడ్డుకు పట్టే క్లాంపులు అన్నిటికన్నా పెద్దవున్న జత చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి బిగిస్తే అవి తాత చొక్కా మనవడికి తొడిగినట్టు వేలాడాయి. వదులైతే లోపల గుడ్డ వెయ్యడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. లైనింగు గుడ్డ చుట్టాడు, చాల్లేదు. కాలర్లలో పెట్టే బకరం చుట్టాడు. బలమంతా పెట్టి మర తిప్పితే కుడివైపు బద్ద గిర్రున తిరిగి ముందు బ్రేకు పిడిని నొక్కిపట్టి కూర్చుంది. చక్రం బిగుసుకుపోయింది. విప్పబోతే బోల్టు తల అరిగి నున్నగా తేలింది.

నాలుగింటికి కొనే మనిషి వచ్చాడు. నెట్టాడు, లాగాడు, ఆఖరికి దండం పెట్టాడు. "బాబోయ్, ఈ గుడ్డల మూట నాకొద్దు!"

అతను వెళ్ళిపోయాక టైలరు అరుగుమీద కూలబడ్డాడు. "బంగారంలాంటి బేరం చెడగొట్టానమ్మా. బండి చెయ్యి దాటేలోగా ఒక్కసారైనా వాడి దారిలో వెళ్దామనుకున్నా. వాడు పిలిచినప్పుడు వెళ్ళలేదు."

మరదలు కళ్ళు ఒత్తుకుంది. "పోనివ్వండి బావగారూ. పొద్దుట్నుంచీ ఈ బేరానికి ఏదైనా అడ్డుపడితే బాగుణ్ణనే అనుకుంటున్నా."

"మరి అమ్ముదామన్నావుగా?"

"రోజూ దాన్ని తుడుస్తూ మీరు ఏడుస్తుంటే చూడలేక."

"నీకు దాన్ని చూడబుద్ధి కావట్లేదేమోనని నేను నోరు మెదపలేదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు కాస్తా మధ్యలోనే ఏడుపైంది.

మర్నాడు మెకానిక్ వచ్చి, ఐదు నిమిషాల్లో చక్రం వదులు చేస్తానన్నాడు. తొందరేం లేదని ఇద్దరూ ఒకేసారి చెప్పారు.