ప్యాచ్‌వర్క్‌కు లోపల విచారించవలెను

ఆ ఉదయం కుట్టు టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. గేటుకు బోర్డు తగిలించాలి, ముందుగదిలో చాపలు పరవాలి, నేర్చుకునేందుకు ఎవరొస్తారా అని ఎదురుచూడాలి. రంగురంగుల గుడ్డముక్కలు అతికి దుప్పట్లు కుట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆ సంగతి ఇంట్లోనే ఎవరికీ పట్టదు.

"సాయంత్రానికి ఒక్కరైనా చేరకపోతే ఆ గది అద్దెకిచ్చేస్తాను. మనిషిని కూడా చూసిపెట్టాను. గుడ్డపీలికలకి గదెందుకు?" అనేసి భర్త వెళ్లిపోయాడు.

ఆయన రోడ్ల శాఖలో ఇంజనీరు. కొత్తగా వచ్చిన ఈ వీధిలో ఆ ముక్క ఎవరికీ తెలియదు. ఏం చేస్తారని అడిగితే "ఆఫీసు" అంటాడు. స్కూటరు మునిగేంత గుంతను సొంత గేటు ముందే పెట్టుకుని ఇంకేమంటాడు పాపం.

బోర్డు మీద "ప్యాచ్‌వర్క్. లోపల విచారించవలెను" అని ఉంది. సరిగ్గా ఆ గుంతకు ఎదురుగా వేలాడుతోంది.

మొదట వచ్చింది రిటైరైన లెక్కల మాస్టారు. ఆ గుంతలోనే పడి ఇంకా కుంటుతున్నాడు.

"ఇన్నాళ్లూ ఏ కలుగులో దాక్కున్నారమ్మా?"

"దాక్కోవడమేంటండీ, ఇవాళేగా మొదలుపెట్టాను."

"నా మోకాలిచిప్ప పగిలాకా? సరే, ఎప్పటికి పూర్తవుతుంది?"

"తొందరపడితే కుదరదండీ. రంగులు కలవాలి, అంచులు కలవాలి. ఓపిక పడితే ఆర్నెల్లకి ఒకటవుతుంది."

"ఒక్కదానికి ఆర్నెల్లా?" మాస్టారు కుంటుకాలు మరచిపోయి ఒంటికాలి మీద లేచాడు. వెళ్లి వీధంతా చెప్పాడు. ఆ గుంతలో పడ్డవాళ్లూ, పడబోయినవాళ్లూ కలిసి వచ్చి ముందుగదిలో దిగారు. వాళ్లను తోసుకుంటూ ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, టోపీ తీసి, నున్నటి బట్టతల వంచాడు.

"నాకు ముందువైపు అతికితే చాలమ్మా. వెనక ఇంకా ఉంది."

ఆయన వెనక కొత్త పెళ్లికొడుకొకడు గొంతు తగ్గించి, "మా ఆవిడ అలిగి పుట్టింటికెళ్లిందండీ. మీరు ప్యాచప్ చేస్తారని విన్నాను" అన్నాడు.

టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను జుట్టు అతకను, కాపురాలు అతకను. గుడ్డలు కుడతాను, గుడ్డలు. ఇక ఆ గుంతంటారా, అది పూడ్చాల్సింది మా ఆయన."

"మీ ఆయనా?"

"రోడ్ల ఇంజనీరు. తెలీదా మీకు?"

"ఆఫీసన్నాడే," అన్నాడు మాస్టారు పళ్లు కొరుకుతూ. "రానివ్వండి. వచ్చేదాకా ఇక్కణ్ణించి కదిలేది లేదు." అందరూ చాపల మీద బైఠాయించారు.

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. శిష్యుల కోసం పరచిన చాపల మీద ఈ దండయాత్ర ఏమిటి? ఇక గది పోయినట్టే. "ఇది కుట్టు క్లాసు. ఊరికే కూర్చోడానికి వీల్లేదు," అని కసిరి ఒక్కొక్కరి చేతిలో సూదీ గుడ్డముక్కలూ పెట్టింది. వాళ్లు తిట్టుకుంటూనే కుట్టారు. కాసేపటికి తిట్లు తగ్గాయి. బట్టతలాయన ఎర్రముక్క కోసం పెళ్లికొడుకుతో పేచీ పెట్టుకున్నాడు. మాస్టారైతే రేపు మనవరాలిని కూడా తీసుకొస్తానన్నాడు.

సాయంత్రం ఇంజనీరు అద్దెకు వచ్చేవాణ్ణి వెంటబెట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. వీధి మొత్తం సూదులు పట్టుకుని లేచి నిలబడింది. అద్దెకు వచ్చినవాడు వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. ఇంజనీరు మాత్రం పోలేకపోయాడు. చీకటి పడకముందే కంకరా తారూ వచ్చాయి, గుంత పూడింది. పూడిందంటే, గుంత ఉన్నచోట గుట్ట లేచింది.

టీచరమ్మ బయటికొచ్చి ఆ పనితనాన్ని చుట్టూ తిరిగి చూసింది.

"గుడ్డపీలికలన్నారుగా. రేపట్నించి మీరూ వచ్చి చేరండి. మొదట్నించీ నేర్పుతాను."

మర్నాడు గది నిండిపోవడం వల్ల ఇంజనీరుకు గుమ్మం బయట చోటిచ్చారు.