ఉత్తమ హాస్య సన్నివేశం

అయ్యా, అమ్మా! మన రాష్ట్రానికి ఇప్పుడు అర్జెంటుగా కావలసింది రోడ్లూ కాదు, కరెంటూ కాదు. స్క్రీన్‌ప్లే పోటీలు! మండలానికి ఒకటి చొప్పున పెట్టించమని ప్రభుత్వం వారికి అర్జీ పెట్టుకుందామనుకుంటున్నాను. సంతకాలు చేసేవాళ్ళుంటే చెయ్యండి.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. నా పేరు ఇమ్మాన్యుయేల్. అనకాపల్లిలో ఒక సినిమా హాల్లో బుకింగ్ క్లర్కుని. టిక్కెట్ల కన్నంలోంచి మీరు చూసే చెయ్యి నాదే. మొహం మీరెవరూ చూసి ఉండరు. మార్నింగ్ షో టిక్కెట్లయ్యాక, మ్యాట్నీ టిక్కెట్లు మొదలెట్టేలోగా నేను స్క్రీన్‌ప్లేలు రాస్తుంటాను. పేపర్లో పోటీ ప్రకటన పడిందంటే పంపకుండా ఉండలేను. ఇప్పటిదాకా బహుమతి రాలేదు కానీ, బహుమతి కన్నా గొప్పవి చాలా వచ్చాయి.

ముందుగా సంసార సుఖం. ఒకప్పుడు నేను ఇంట్లో ఖాళీగా కనిపిస్తే చాలు, మా ఆవిడ కృపాజ్యోతి సంచీ చేతికిచ్చి బజారుకి తోలేది. ఇప్పుడో? గోడ వైపు చూస్తూ కూర్చుంటే చాలు. "మీ నాన్న ఇంటర్వెల్ కాడ ఆగిపోయేరు, గోల సెయ్యకండి" అని పిల్లల్ని కోప్పడుతుంది. ఏ మొగుడికి దొరుకుతుందండీ ఇంత మర్యాద? నేను చాలాసార్లు ఇంటర్వెల్ దగ్గరే కునుకు తీసి లేచాను.

రెండోది వినయం. మనిషికి అహంకారం పోవాలంటే పోటీకి కథ పంపి జవాబు కోసం ఎదురుచూడాలి. ప్రార్థన చేస్తే దేవుడు ఎప్పుడో ఒకప్పుడు వింటాడని కనీసం ఫాదర్‌గారైనా భరోసా ఇస్తారు. పోటీవాళ్ళ తరఫున అలా భరోసా ఇచ్చే నాథుడు కూడా ఉండడు! సంక్రాంతికి పంపితే దసరాకి కూడా ఉలుకూ పలుకూ ఉండదు. ఆ తర్వాత లోకంలో ఎవరు మనల్ని పలకరించినా మహా ఉపకారం చేసినట్టే అనిపిస్తుంది.

ఇక క్రమశిక్షణ. పోటీ రూల్స్ ఎప్పుడైనా చదివారా? మొదటి రూలు: కథ పూర్తిగా కొత్తదై ఉండాలి. రెండో రూలు: ఈమధ్య హిట్టయిన సినిమాల కోవలో ఉండాలి. ఈ రెండు రూల్సూ ఒకేసారి పాటించగలిగినవాడు ఇక దేన్నైనా పాటించగలడు. అలాంటివాణ్ణి రేపు ఏ ఆఫీసులో కూర్చోబెట్టినా నెగ్గుకొస్తాడు.

జనరల్ నాలెడ్జి కూడా పెరుగుతుంది. నాతవరం వైపు చెరుకు పండించే అన్నదమ్ముల కథ ఒకటి రాశాను. నీళ్ళ వంతు దగ్గర మాటామాటా వచ్చి, పలకరించుకోవడం మానేస్తారు. చివరికి ఎవరు ముందు పలకరిస్తారన్నదే కథ. 'బాగుంది, యాక్షన్ తక్కువైంది' అని ఎట్టకేలకు పోటీవాళ్ళ కార్డు వచ్చింది. ఎంత కరెక్టుగా పట్టుకున్నారు! వెంటనే తిరగరాసి నాతవరానికి ఆరు సుమోలు పంపించాను. ఎదురుగా ఎడ్లబండి వస్తే బస్సు కూడా వెనక్కి వెళ్ళాల్సిన రోడ్డు మీద ఆరు సుమోలూ గాల్లోకి లేచాయి. అన్నదమ్ములు పలకరించుకోవలసిన అవసరమే రాలేదు. ఇద్దరూ పేలిపోయారు.

ఇంకో కథలో పాయకరావుపేటలో అబ్బాయీ అమ్మాయీ బస్సులో చూపులు కలుపుకుంటారు. ఇక్కడ ఫారిన్ సాంగ్ పడాలని సలహా వచ్చింది. పాయకరావుపేటకీ తునికీ మధ్య ఉన్నది ఒక్క వంతెన. ఆ వంతెన మీద కళ్ళు మూసుకుని, స్విట్జర్లాండు వెళ్ళి, మూడు జతల బట్టలు మార్చుకుని, మంచులో పొర్లి, తునిలో కండక్టరు "దిగండి, దిగండి" అనేలోపు తిరిగొచ్చెయ్యాలి. రచయితకి ఇంతటి వ్యాయామం ఏ జిమ్ములో దొరుకుతుంది చెప్పండి?

రహస్యాలు దాచడం కూడా పోటీలే నేర్పాయి. కథ బయటికి పొక్కితే ఎవరో ఒకరు కొట్టేస్తారట. అందుకని మా వీధి చివర డీటీపీ సెంటరు నడిపే నాగూర్ మీరాకి కాగితాలిచ్చినప్పుడల్లా ఒట్టు వేయించుకునేవాణ్ణి, టైపు చేసేటప్పుడు చదవకూడదని.

"సదవకుండా ఎలగ కొడతారు బావా?" అనేవాడు మీరా.

"అక్షరాలు చూడు, అర్థం చూడకు."

"నీ కతలకి అదేం కట్టం కాదులే" అనేవాడు. స్నేహితుడు కదా, నిజమే చెప్పేవాడు.

ఇన్ని చెప్పినా మీకు నమ్మకం కుదరడం లేదని తెలుస్తూనే ఉంది. అయితే కిందటేడు జరిగింది వినండి. విన్నాక పోటీలు వద్దని అనగలరేమో చూస్తాను.

ఒక టీవీ ఛానెల్ వాళ్ళు కొత్త రచయితలకి స్క్రీన్‌ప్లే పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన కథని సినిమా తీస్తామన్నారు. 'మీ మట్టి కథ రాయండి, మీ మనుషుల కథ రాయండి' అని ప్రకటన నిండా వేశారు. నేను సుమోలన్నీ షెడ్డులో పెట్టేసి, మా మనుషుల కోసం వెతికాను. ఎంతో దూరం వెళ్ళక్కరలేకపోయింది. కృపాజ్యోతి వాళ్ళమ్మ, మా అత్త లూర్దు మేరీ వంటింటి గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది.

అత్తది రాంబిల్లి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మా మామగారు యేసుపాదం వేటకి వెళ్ళి తుఫానులో చిక్కుకుపోయాడు. తెప్ప చెక్కలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఆయన రాలేదు, శవమూ దొరకలేదు. నా పెళ్ళికి ముందు సంగతి. పెళ్ళయిన కొన్నాళ్ళకి అత్త మా దగ్గరికి వచ్చేసింది. ఆ రోజు గురించి మాత్రం ఎప్పుడూ నోరు విప్పలేదు.

నేను అడిగాను. ఆవిడ చేపలు కడిగి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని అంతా చెప్పింది. చివర్లో, "రాత్తే రాయి బాబూ. మావ పేరు మాత్రం మార్సకు" అంది.

ఎందుకని అడిగాను.

"ఆత్మల పండక్కి అందరూ సమాదుల కాడ కొవ్వొత్తులు ఎలిగిత్తారు. నాకు ఎలిగించడానికి సోటు నేదు. సినేమాలో పేరుంటే నలుగురూ ఇంటారు కదా. మావని ఒకడుండేవోడని తెలుత్తాది."

అలాగేనని మాటిచ్చాను.

ఆ స్క్రీన్‌ప్లేలో నేను సొంతంగా కల్పించింది చాలా తక్కువ. ముఖ్యమైన సీనులో అయితే ఒక్క ముక్క కూడా కల్పించలేదు. తుఫాను వెలిశాక ఒడ్డు మీదకి ఒక ఆఫీసరు వస్తాడు. నష్టపరిహారం గురించి చెబుతుంటాడు. లూర్దు మేరీ ఆయన్ని ఆపి అంటుంది: "డబ్బుల మాట తరవాత బాబూ. మావ సొక్కా అయినా దొరికితే సెప్పండి. పాతిపెట్టుకుంటాను."

నాగూర్ మీరా ఆ పేజీ దగ్గరికి వచ్చి కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"ఇది రేపు కొడతాను బావా" అన్నాడు.

"కరెంటు ఉంది కదా మీరా?"

"ఉంటే ఉన్నాది" అని షట్టరు సగానికి దించేశాడు.

ఒట్టు తప్పి చదివేశాడన్నమాట. ఈసారి నేను కోప్పడలేదు.

నెల తిరక్కుండా హైదరాబాదు రమ్మని ఫోను వచ్చింది. ఫైనల్ రౌండుకి ఎంపికయ్యాను! స్వయంగా కథ వినిపించాలి. అత్త నా చొక్కా తనే ఉతికి ఇస్త్రీ చేయించింది. స్టేషనుకి బయల్దేరుతుంటే నుదుటి మీద శిలువ గుర్తు వేసింది.

ఏసీ గదిలో జడ్జీలు ముగ్గురు. ఒకాయన దర్శకుడు, ఒకాయన రచయిత, ఒకాయన నిర్మాత. నేను సముద్రాన్ని వర్ణించాను, ఆకాశాన్ని వర్ణించాను. పుస్తకాల్లో ఉండే భాషలోనే వర్ణించాను. ముగ్గురూ గంభీరంగా తలలూపారు. ఆ తర్వాత లూర్దు మేరీ నోరు విప్పి, "మావా, గాలి తేడాగున్నాది, ఇయ్యాల ఎల్లకు" అంది.

నిర్మాతగారు కిసుక్కున నవ్వారు.

ఏదో గుర్తొచ్చి ఉంటుంది, పెద్దమనుషులు, సవాలక్ష పనులు అనుకున్నాను. కానీ ఆవిడ మాట్లాడినప్పుడల్లా ఆయనకి ఏదో ఒకటి గుర్తొస్తూనే ఉంది. రెండో సీనుకి రచయితగారు కూడా కలిశారు. నేను వదల్లేదు. ఒడ్డు మీద సీనుకి వచ్చాను. అత్త నాకు ఎలా చెప్పిందో అలాగే, ఆ గొంతుతోనే చెప్పాను. దర్శకుడుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. హమ్మయ్య, ఒక్కరినైనా కదిలించాననుకున్నాను. తీరా చూస్తే నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళు!

"మావ సొక్కా!" అన్నారాయన బల్ల మీద చరిచి. "ఆ యాస భలే పట్టుకున్నావయ్యా. ఏం టైమింగు!"

"సార్, అక్కడ ఆవిడ భర్త చనిపోయాడు సార్" అన్నాను.

"అదేనయ్యా నేను చెప్పేది! చావు మీద కామెడీ పండించడం మామూలు విషయమా?"

ఎంత సహృదయులో చూడండి. నాకే తెలియని హాస్యం నా కథలో ఉందని కనిపెట్టారు! అంతటితో వదిలేశారా? సలహాలు కూడా ఇచ్చారు. హీరోయిన్ చేత చక్కటి భాష మాట్లాడించాలట. ఈ యాస ఆమె ఇంట్లో పనిమనిషికి పెట్టాలట. పనిమనిషి వేషం కమెడియన్‌కి చీర కట్టి వేయిస్తే హాలు దద్దరిల్లిపోతుందట. యేసుపాదం అన్న పేరు పాతగా ఉంది, స్టైలుగా ఏదైనా పెట్టమన్నారు. ఇవన్నీ మార్చుకొస్తే సినిమా సంగతి తప్పకుండా ఆలోచిస్తామన్నారు.

నేను మార్చనని చెప్పాను. అయినా వాళ్ళకి కోపం రాలేదు. ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక అప్పటికప్పుడు ఒక విభాగం సృష్టించి, సాయంత్రానికల్లా షీల్డు చేయించి మరీ ఇచ్చారు. 'ఉత్తమ హాస్య సన్నివేశం' అని బంగారు రంగు అక్షరాలతో ఉంది.

తెల్లవారి అనకాపల్లిలో దిగాను. దారి పొడవునా అబద్ధం ఒకటి తయారు చేసుకుంటూ వచ్చాను. జడ్జీలు ముగ్గురూ ఏడ్చారని, ఒకాయన మంచినీళ్ళు తెప్పించుకున్నారని, మామగారి పేరు రాసుకున్నారని. స్క్రీన్‌ప్లేలు రాసేవాడికి అదెంత పని? కానీ నేను చెప్పులు విడిచేలోపే కృపాజ్యోతి సంచీలోంచి షీల్డు తీసేసింది. తీసి చదువుకుని, నా మొహం చూసింది.

అత్తకి చదువు రాదు. షీల్డుని రెండు చేతులతో పుచ్చుకుని అక్షరాల మీద వేలు పెట్టింది.

"మావ పేరేదీ?" అంది.

"లేదు అత్తా."

"మరి ఏటి రాసేరు?"

కృపాజ్యోతి చెప్పింది. మెల్లగా చెప్పింది. ఆ మాటని ఎంత మెల్లగా చెప్పినా ఒకటే. ఒడ్డు మీద సీనుకి నవ్వారు కాబట్టే ఇది ఇచ్చారని నేను కూడా ఒప్పుకోవలసి వచ్చింది.

అత్త ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, వాళ్ళని కాకపోతే నన్నయినా. ఆవిడ కనీసం ఆశ్చర్యపోలేదు కూడా.

"మరి నవ్వరేటి బాబూ?" అంది. "నన్ను నాలాగే మాటాడించీసినావు. టీవీలో మనలాగ మాటాడినోడొచ్చేడంటే నాను నవ్వనా? అందరికన్నా ముందు నానే నవ్వుతాను. ఏడిసే కాడ నన్ను మంచి బాసలో ఏడిపించాల కదా."

చూశారా! జడ్జీలు ముగ్గురూ అంతసేపు చెప్పినా నాకు ఎక్కని పాఠాన్ని మా అత్త ఎప్పుడో నేర్చేసుకుంది. నేను మార్చనని మంకుపట్టు పట్టింది ఎవరి కోసమో, ఆవిడే మార్చమంటోంది. కోపం వచ్చింది, అది ఎవరి మీదో నాకే తెలియలేదు.

"ఆ సొక్కా మాట మంచి బాసలో నానే సెప్తాను, రాసుకో" అంది. కొంగు సర్దుకుంది. సీరియల్లో జమీందారు భార్య కూర్చున్నట్టు నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. నేను పెన్ను తీశాను. నా కథ నెగ్గాలని, మామగారి పేరు నలుగురూ వినాలని ఆవిడ పడుతున్న కష్టం అది. వద్దని ఎలా అనను?

"నా భర్త..." అంది.

ఆగిపోయింది. గొంతు సవరించుకుని, మళ్ళీ "నా భర్త..." అంది. కృపాజ్యోతి తల తిప్పుకుంది. అత్త కాసేపు తన చేతులకేసి చూసుకుంది. తర్వాత నడుం వాల్చేసి మామూలుగా కూర్చుంది.

"నా వల్ల కాదు బాబూ. మావని నానెప్పుడూ అలగ అనలేదు. ఇంకెవుల మొగుడో పోయినట్టున్నాది."

కాబట్టి, పోటీలు పెట్టే మహానుభావులారా, మీరు వర్ధిల్లాలి! మండలానికొక పోటీ పెట్టండి, మేమందరం పంపుతాం. నాదొక్కటే చిన్న మనవి. మా ఇళ్ళల్లో మనిషి పోతే మేము ఏ భాషలో ఏడవాలో దయచేసి రూల్స్‌లో ముందే అచ్చు వెయ్యండి. అది వంటబట్టేదాకా మా వాళ్ళెవరూ చావకుండా చూసుకుంటాం.