డబ్బాల కింద రక్తపరీక్షలు

రక్తపరీక్షలను వెంటనే నిషేధించాలి. నవ్వకండి, ఒళ్లు దగ్గర పెట్టుకునే అంటున్నాను.

అరచెంచాడు రక్తాన్ని చిన్న గొట్టంలోకి లాగి, పూట తిరిగేలోగా అచ్చు కాగితం చేతికిచ్చే ఈ పద్ధతి వల్ల మా కుటుంబం ఎంత నష్టపోయిందో మీకేం తెలుసు? జబ్బుకు పేరు లేనన్నాళ్లూ మేమందరం వైద్యులమే! పేరు దొరికిన రోజున మూకుమ్మడిగా నిరుద్యోగులమయ్యాం.

సంగతి మా చెల్లెలిది. తను రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్. ఏ బండి ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యమో మైకులో చెబుతుంది. ఎవరో చేసిన ఆలస్యానికి రోజుకు నలభైసార్లు తను క్షమాపణ చెప్పుకోవాలి. పదకొండేళ్లుగా ఆ స్టేషన్‌కి గొంతు ఆమెదే.

నాలుగేళ్ల క్రితం ఆమెకు కడుపునొప్పి మొదలైంది. నొప్పి, విరేచనాలు, నీరసం. నాలుగు రోజులుండేది, రెండు వారాలు మాయమయ్యేది, మళ్లీ వచ్చేది. ఆమె సంగతి ఎలా ఉన్నా, మా బంధువర్గానికి మాత్రం చేతినిండా పని దొరికింది.

వాళ్ల అత్తగారు గ్యాస్ అని తేల్చారు. మా బావ బయటి తిండి అన్నాడు. పిన్ని నీళ్లు పడలేదంది. పాలు మానేయమని బాబాయి, పాలే తాగమని పెద్దమ్మ! ఎవరి మాటా కాదనలేక మా చెల్లెలు ఒక రోజు తాగేది, ఒక రోజు మానేది. నేను నలుగురికీ నీతులు చెప్పే కాలమిస్టును కాబట్టి నా నిర్ధారణ మరికొంచెం లోతుగా ఉండేది. టెన్షన్ అన్నాను.

పెళ్లికి పిలిస్తే తప్ప ఫోన్ చేయని బంధువులు వారం వారం ఫోన్ చేసి ఆమె విరేచనాల సంఖ్య అడిగేవారు. ఇంతటి ఐకమత్యాన్ని ఏ పరీక్ష తెచ్చి ఇస్తుంది చెప్పండి?

డాక్టర్ల దగ్గరికీ వెళ్లింది, వెళ్లలేదనకండి. నాలుగేళ్లలో తొమ్మిదిమంది. ఎవరి ల్యాబు వాళ్లది. పక్కవాళ్ల ల్యాబు కాగితాన్ని తిరగేసి చూడటం మర్యాద కాదని కాబోలు, ప్రతివారూ కొత్తగా రక్తం తీయించి, కొత్త కాగితంలో ఒక అంకె మీద వేలు పెట్టేవారు. "హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ, ఆడవాళ్లకి మామూలేనమ్మా" అని ఒకరు ఐరన్ మాత్రలు రాశారు. ఒంట్లో వాపుంటే పెరిగే సీఆర్‌పీ అనేది కొంచెం ఎక్కువుంటే జలుబు చేసి ఉంటుందన్నారు ఇంకొకరు. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొంచెం తగ్గితే సరిగ్గా తినడం లేదని మరొకరు కోప్పడ్డారు. తింటే ఏమవుతుందో చెప్పబోయేలోగా తరువాతి పేషెంట్‌ని పిలిచేవారు.

దాంతో ఆ కాగితం పని అయిపోయేది. అంటే డాక్టరు దగ్గర అయిపోయేది. ఇంట్లో అప్పుడే మొదలయ్యేది. వాళ్ల అత్తగారు కాగితం ముక్క పారేసే మనిషి కాదు. ల్యాబు కాగితం మందంగా, నున్నగా ఉంటుంది, నూనె తొందరగా పీల్చదు. ఆవిడ వాటిని వంటింటి అలమరా అరల్లో పరిచి, వాటి మీద డబ్బాలు పెట్టుకునేవారు. అలా మా చెల్లెలి రక్తం నాలుగేళ్లపాటు పప్పుల్నీ, పంచదారనీ మోసింది.

ఆఫీసులో మాత్రం ఇంత సౌకర్యం లేదు. అనౌన్సర్ గది ప్లాట్‌ఫారానికి ఈ చివర, మరుగుదొడ్డి ఆ చివర. రెండు వందల పన్నెండు అడుగులు, తనే లెక్కపెట్టింది. బండికీ బండికీ మధ్య ఉన్న ఖాళీలో పేగుల్ని సర్దుకోవడం నేర్చుకుంది. బండి ఆలస్యమైతే ప్రయాణికులు తిట్టుకునేవారు. అది వచ్చేదాకా మైకు వదలడానికి లేక తను ఆ గదిలో పళ్లు బిగించుకుని ఏడ్చేది.

ఒకరోజు "రాబోయే బండి ప్లాట్‌ఫారం నంబరు..." అంటూ ఆగిపోయింది. మైకు ఆపడం మరిచి పరుగెత్తింది. కుర్చీ పడ్డ చప్పుడు, తలుపు కొట్టుకున్న చప్పుడు స్టేషనంతా విన్నది. మూడువందల మంది నెత్తిన సామాన్లతో వంతెన మీద నిలబడిపోయారు, ఎటు దిగాలో తెలియక. తను తిరిగొచ్చేసరికి బండి వచ్చేసింది.

ఆ నెలలో అది మూడోసారి. సూపరింటెండెంట్ మెమో ఇచ్చాడు. వారంలో కారణం రాసివ్వాలి, లేదంటే మైకు తీసేసి పార్సిళ్ల గదికి పంపుతారు. తను నిజాయితీగా కడుపునొప్పి అని రాసింది. కడుపునొప్పి అందరికీ వస్తుందనీ, డాక్టరు సంతకంతో జబ్బు పేరు కావాలనీ ఆయన తిప్పి పంపాడు. ఆ సాయంత్రం చెల్లెలు నాకు ఫోన్ చేసి మెమో చదివి వినిపించింది. మైకు పోతుందని తనకి భయం. నేను మాత్రం, "చూశావా, ఇదే టెన్షనంటే!" అన్నాను.

ఇక ఈ కథలో దుర్మార్గురాలు ప్రవేశిస్తుంది. రైల్వే దవాఖానాకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. అంతకుముందు తొమ్మిదిమందీ చేయని అమర్యాద చేసింది. పాత కాగితాలన్నీ తెమ్మంది!

అత్తగారు డబ్బాలన్నీ దించారు. తొమ్మిది కాగితాలు బయటపడ్డాయి, గుండ్రటి డబ్బా మరకలతో సహా. అందరం కలిసి వెళ్లాం. టెన్షన్ గురించి డాక్టరుకి వివరించడానికి నేనూ వెళ్లాను. ఆమె నా వివరణ వినకుండా కాగితాల్ని తేదీల వరసలో మంచం మీద పరిచి, పెన్సిలుతో అంకెల చుట్టూ సున్నాలు చుట్టింది. హిమోగ్లోబిన్ పన్నెండున్నర నుంచి ఒక్కో మెట్టూ దిగి తొమ్మిది దగ్గర నిలబడింది. ఆల్బుమిన్ దాని వెనకే దిగింది. సీఆర్‌పీ ఎదురు మెట్లెక్కింది.

"ఒక్కొక్కటీ చూస్తే కొంచెమే. వరసగా చూడండి. లోపల ఎక్కడో చాలాకాలంగా వాపు ఉంది, రక్తం పోతోంది. పేగుల్లోనే అని నా అనుమానం. రక్తపరీక్ష అనుమానం దాకానే తీసుకెళ్తుంది. పేరు తేలాలంటే మలం పరీక్ష చేయాలి, కెమెరాతో లోపల చూడాలి" అంది.

చూశారు. పెద్దపేగు నిండా పుళ్లు. చిన్న ముక్క తీసి పరీక్షించి, అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. సూపరింటెండెంట్ ఆ పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, మెమో వెనక్కి తీసుకున్నాడు. పేరు ఎంత పొడుగైతే ఆఫీసులో అంత గౌరవం! అనౌన్సర్ గది వెనకే తాళం వేసి ఉండే ఆఫీసర్ల మరుగుదొడ్డికి ఒక తాళంచెవి కూడా చేయించి ఇచ్చాడు. మందులు మొదలై ఆరు నెలలైంది. దిగిన అంకెలు మళ్లీ మెట్లెక్కుతున్నాయి, ఎక్కింది దిగుతోంది. తను వాక్యాలు పూర్తి చేస్తోంది.

మా సంగతి ఏం చెప్పమంటారు? పిన్ని ఫోన్ చేయడం లేదు. బాబాయికి పాల మీద ఆసక్తి పోయింది. ఆ డాక్టరమ్మ మా అందరి పొట్టా కొట్టింది.

అన్నిటికంటే నన్ను బాధించేది రక్తానికి బొత్తిగా మర్యాద లేకపోవడం. స్టేషన్‌లో స్తంభానికో స్పీకరు ఉంది. మా చెల్లెలి గొంతు ఊరి సగానికి వినిపిస్తుంది. ఆ గొంతుతోనే నాలుగేళ్లు నొప్పి అని చెబితే ఇంట్లో ఒక్కరికీ వినిపించలేదు. నోరులేని రక్తం ఒక్క పూటలో చెబితే అందరం నోళ్లు తెరుచుకుని నమ్మేశాం.

ఒక్క సంగతి దాచాను. ఆ రోజు కాగితాల్ని ఫైలులో పెడుతూ డాక్టరమ్మ మూడోదాన్ని తిరగేసింది. వెనకవైపు చేతిరాత ఉంది: "నీకేమీ లేదు. అంతా టెన్షన్. పొద్దున్నే నడువు. నవ్వుతూ ఉండు."

"ఇది ఏ డాక్టరు రాశారు?" అని అడిగింది.

అత్తగారు పైకప్పు చూశారు. బావ నన్ను చూశాడు. నేను గోడకున్న కళ్లపరీక్ష అట్ట మీద అక్షరాలు చదవసాగాను.

"మా అన్నయ్యండీ. పత్రికలో రాస్తాడు" అంది చెల్లెలు.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని నా వైపు చాచింది. చెల్లెలు చేయి అడ్డం పెట్టింది.

"ఉండనివ్వండి మేడమ్. తేదీ ప్రకారం దాని చోట దాన్ని పెట్టేయండి. నా జబ్బులో అదీ ఉంది" అంది. కోపంగా అనలేదు. బండి ఆలస్యమని చెప్పేటప్పటి గొంతుతోనే అంది.

డాక్టరమ్మ దాన్ని ఫైలులో గుచ్చింది. ఇప్పుడు అలమరా అరల్లో అత్తగారు వారం వారం నా కాలమ్ పరుస్తున్నారు. ఇరవయ్యేళ్లుగా రాస్తున్నాను. ఎవరైనా భద్రంగా దాచింది ఆ మూడో కాగితం వెనకున్న నాలుగు ముక్కలే.