పక్క బొరియ పిల్లలు

ఒక పెద్ద అడవిలో కరువొచ్చింది. పెద్ద జంతువులకు కాదు, కుందేళ్లకు. అందుకని పెద్ద జంతువులు సమావేశం పెట్టుకున్నాయి.

"పేద కుటుంబాలకు నెలనెలా గవ్వలిద్దాం. తిండి కొనుక్కుంటారు," అంది అధ్యక్షస్థానంలో ఉన్న ఏనుగు.

"ఊరికే ఇస్తే తాగేస్తారండీ," అంది ఎలుగుబంటి. దాని నోటి నుంచి ఇప్పసారా వాసన గుప్పుమంటే పక్కనున్న దుప్పి మొహం తిప్పుకుంది. "పిల్లల్ని బడికి పంపితేనే ఇవ్వాలి."

"పథకం పనిచేసిందో లేదో కూడా తేలాలిగా," అంది కొంగ. ఒంటికాలి మీద నిలబడి మాట్లాడుతుంది కాబట్టి దానికి మేధావి అని పేరు. "సగం బొరియలకు ఇద్దాం, సగానికి మానేద్దాం. ఏడాది పోయాక పిల్లల్ని తూచి చూద్దాం. తేడా ఎంతుంటే పథకం అంత గొప్పది."

చీటీలు వేశారు. వరాలు అనే కుందేలుకు గవ్వలొచ్చాయి. పక్క బొరియ పోలమ్మకు రాలేదు.

వరాలుకు అసలే భయమెక్కువ. షరతు తప్పితే పిల్లలు మళ్లీ ఎండుగడ్డి నమలాల్సొస్తుందని హడలిపోయేది. జోరువానలోనూ వాళ్లను గుడ్లగూబ మాస్టారి బడికి లాక్కెళ్లేది. మాస్టారు పగలంతా నిద్రపోయేవారు. మేలుకోవాలని షరతుల్లో లేదు.

గవ్వలతో దుంపలు కొని ఉడకేసేది. ఆ వాసనకు పోలమ్మ పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్లు.

"చూస్తారేంటర్రా, కూర్చోండి."

"వద్దు వదినా, మీకే చాలదు," అని పోలమ్మ బయటి నుంచే మొహమాటపడేది.

"నువ్వూరుకో. వాళ్లలా చూస్తుంటే నా పిల్లలకు ముద్ద దిగుతుందా?"

కలిసి తిన్నవాళ్లు కలిసే బడికెళ్లారు. ప్రతి బొరియలోనూ ఇదే వరస.

ఏడాది తిరిగింది. కొంగ తక్కెడ పట్టుకొచ్చి తూచింది. వరాలు పిల్లలు ఒళ్లు చేశారు. పోలమ్మ పిల్లలూ అంతే చేశారు.

కొంగ మొహం మాడిపోయింది. "తేడా లేదు. గవ్వలు పనిచేయలేదన్నమాట."

వరాలు పిల్లల్ని దగ్గరకు లాక్కుంది. "షరతు ఎక్కడ తప్పానయ్యా?"

"నువ్వు తప్పలేదు. ఇవ్వని పిల్లలు కూడా బొద్దుగా ఉన్నారు."

"వాళ్లూ మా కంచంలోనే తిన్నారయ్యా," అంది వరాలు, అబద్ధమాడటం చేతకాక.

"ఎంత పని చేశావు. పరీక్షంతా పాడుచేశావు కదమ్మా."

"తలుపేసుకుని తినాలని మీరు చెప్పలేదే?"

"చెప్పాల్సింది," అని కొంగ కాలు మార్చుకుంది.

పథకం ఎత్తేశారు. దాన్ని ఎత్తేయాలని కనిపెట్టినందుకు కొంగకు సన్మానం చేశారు. ఎలుగుబంటి దండ వేసి, ఆ ఊపులో కొంగ మీదే పడింది.

ఆ సాయంత్రం వరాలు ఎండుగడ్డి ముందు పెట్టుకుని కూర్చుంది. గుమ్మంలో పోలమ్మ తలొంచుకుని నిలబడింది. "మా వల్లే కదా వదినా."

వరాలు గడ్డిని పిల్లలందరికీ సరిపడా పంచడం మొదలుపెట్టింది. "నీ పిల్లల్ని పిలువు. చల్లారేదేం కాదు కానీ, మావాళ్లు వాళ్లు లేందే తినరు."

ఇందులో కొంగ నేర్చుకున్న నీతి: పేదల పథకం నెగ్గాలంటే ముందు పక్కింటి పిల్లల్ని పస్తుంచాలి.