నవ్వితేనే తెరుచుకునే తలుపు

మనిషికి మనిషి తోడుండాలన్న విషయాన్ని మా కాలనీ సంఘం నిరుడు ఏకగ్రీవంగా ఆమోదించింది. (అంతవరకూ జనం అనుమతి లేకుండానే తోడుండేవారు.) ఆ తీర్మానం ఫలితంగా వీధి చివర ఆత్మీయ భవనం వెలసింది. లోపల మెత్తని సోఫాలు, గోడల నిండా చేతులు కలుపుకున్న మనుషుల బొమ్మలు, వీటన్నిటి మీదా ఒక ఆత్మీయతాధికారి. ఎవరైనా రావచ్చు. గుమ్మంలోని యంత్రం ముందు నిలబడి నవ్వితే చాలు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. దిగులు మొహాలు లోపలికొస్తే వాతావరణం పాడవుతుందని నిపుణుల కమిటీ ముందే తేల్చింది.

మా పక్కింటి రిటైర్డ్ కండక్టరుగారి భార్య ఈమధ్యే పోయారు. ఇంట్లో ఆవిడ కుర్చీ ఎదురుగా కూర్చోలేక ఒక సాయంత్రం ఆయన భవనానికి వెళ్లారు.

"దయచేసి నవ్వండి," అంది యంత్రం.

ఆయన ప్రయత్నించారు.

"ఇంకొంచెం."

మళ్లీ ప్రయత్నించారు. యంత్రం ఎర్రదీపం వెలిగించింది.

అద్దం వెనక నుంచి అధికారి మైకులో పలకరించాడు. "కాస్త పళ్లు కనబడాలండీ."

"మా ఆవిడ పోయిందండీ. నలుగురి మధ్యా కాసేపు కూర్చుందామని వచ్చాను."

"అయ్యయ్యో! మీలాంటివాళ్ల కోసమే కదండీ ఇది కట్టింది! ఒక్కసారి నవ్వేసి వచ్చేయండి."

(ఆ నలుగురూ లోపల లేరు. అధికారి ఒక్కడే ఉన్నాడు.)

ఆయన మెట్ల మీదే కూలబడ్డారు. ఎదురుగా ఇస్త్రీ చేసే అమ్మాయి పెట్టె పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

"దుప్పటి మడత వంకరపోతే పిన్ని నన్ను ఎన్ని తిట్లు తిట్టేదో, బాబాయ్!"

"నన్నూ తిట్టేదమ్మా. ఇప్పుడు ఎలా మడిచినా అడిగేవాళ్లు లేరు."

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

మందుల షాపాయన షట్టరు సగం దించి వచ్చాడు. పై అంతస్తు టీచరమ్మ ఫ్లాస్కుతో టీ తెచ్చింది. మర్నాడూ కూర్చున్నారు. ఉద్యోగం ఊడినవాళ్లు, ఇంట్లో మాట పడినవాళ్లు ఒక్కొక్కరే చేరారు. చోటు చాలనప్పుడు కండక్టరుగారు అలవాటుకొద్దీ, "జరగాలి, జరగాలి, ముందుకి జరగాలి!" అనేశారు. అందరూ ఘొల్లున నవ్వారు. ఆయనా నవ్వారు. (వాళ్ల వెనక భవనం తలుపు తెరుచుకుంది. ఎవరూ తిరిగి చూడలేదు.)

భవనం ముందు అనధికారిక ఆత్మీయత పెరిగిపోతోందని సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మర్నాటికి మెట్ల నిండా ఇనుప మేకులు మొలిచాయి. పక్కనే అందమైన అక్షరాలతో ఒక బోర్డు వేలాడుతోంది:

"ఈ స్థలం మనందరిదీ. దయచేసి కూర్చోకండి."