దుర్గాశ్రీ భుజం మీది చెయ్యి

“కోనసీమలో ఇంకా నేరస్థులు మిగిలి ఉన్నారంటే, వాళ్ల మీద నా చూపు పడకపోవడం ఒక్కటే కారణం” అని ప్రకటించాడు నా స్నేహితుడు ముత్యాలరాజు. నా స్టూడియోలో పెళ్లికూతుళ్లు కూర్చునే కుర్చీలో కాలు మీద కాలేసుకుని మరీ ప్రకటించాడు.

వాడు ఢిల్లీ నుంచి పోస్టులో డిటెక్టివ్ డిప్లొమా తెప్పించుకున్న నాటి నుంచి నాకు మాట్లాడే అవకాశం తగ్గిపోయింది. డిప్లొమాతో పాటు ఒక భూతద్దం కూడా ఉచితంగా వచ్చింది. ఆ రెండింటి సాయంతో వాడు ఇంతవరకు పట్టుకున్న సైకిలు దొంగ ఒక్కడే. పాపం, ఆ సైకిలు అతనిదే.

నాది అమలాపురంలో ఫోటో స్టూడియో. కంప్యూటర్లు ఇంకా మా ఊరి ఫోటోల్లోకి దూరని తొంభైల నాటి మాట ఇది. కత్తెర, జిగురు, సన్న కుంచె ఉంటే చాలు, సృష్టికి ప్రతిసృష్టి చేసేవాణ్ణి. ఆడపిల్లని తామరపువ్వులో కూర్చోబెట్టడం, కొత్త దంపతుల్ని చందమామ మీద నిలబెట్టడం, ఒకే మనిషి చేత తనకి తానే కాఫీ ఇప్పించడం, ఇవన్నీ నా బుర్రలో పుట్టినవే. వాటికి మెచ్చుకోళ్లు దక్కేవి. అన్నం మాత్రం కువైటు ఫోటో పెట్టేది.

కువైటు ఫోటో అంటే మొగుడు అక్కడ, పెళ్లాం బిడ్డలు ఇక్కడ, ఫోటోలో మాత్రం అందరూ ఒక్కచోట. ఆయన అక్కణ్ణించి పాస్‌పోర్టు ఫోటో పంపుతాడు. అందులో ఉండేది తలకాయే. దానికి కోటు వేసుకున్న మొండెం నేను సమకూర్చాలి. ఆ మొండెం ముత్యాలరాజుది. డిప్లొమా పక్కన తగిలించుకోవడానికని వాడొకసారి స్టూడియో కోటు తొడుక్కుని, పూలకుండీ స్టాండు మీద చెయ్యి ఆనించి, దర్జాగా ఫోటో దిగాడు. అందులో సరిగ్గా రానిది తలకాయ ఒక్కటే, మిగతాదంతా అద్భుతం. ఆ నెగిటివ్ దాచుకున్నాను. అప్పటి నుంచి ఏ గల్ఫ్ వాళ్లింటి గోడ చూసినా మెడ కింద నుంచి మావాడే. ఈ సంగతి వాడికీ తెలీదు, ఆ ఇళ్లవాళ్లకీ తెలీదు. తలకాయ వాడని మనిషి మొండెం నలుగురూ వాడుకుంటే పోయేదేముంది అనుకునేవాణ్ణి.

పోయేదేమిటో నగరం అనే పల్లె నుంచి దుర్గాశ్రీ వచ్చి చెప్పింది.

ఆ అమ్మాయి భర్త సత్యం కువైటులో డ్రైవరు. కూతురు పుట్టాక ఒక్కసారి కూడా రాలేదు. పిల్లకి నాన్నని చూపించాలని దుర్గాశ్రీ నా దగ్గర కువైటు ఫోటో తీయించుకుని వెళ్లింది. ఇప్పుడా ఫోటో తువ్వాలులో చుట్టుకుని తెచ్చి, బల్ల మీద పెట్టి, కళ్లు తుడుచుకుంది.

“ఒక కాపీ ఆయనకి పంపేనండి. గదిలో వాళ్లందరూ చూసి, తల నీదే గానీ పెళ్లాం భుజం మీద ఆ చెయ్యెవరిదిరా అని నవ్వేరంటండి. ఫోన్ చేసి నన్నదే అడిగేరు. తెలీదన్నానండి. తేలేదాకా నాతో మాట్లాడరంట.”

“మీ అత్తగారేమన్నారమ్మా?”

“తేలేదాకా గంగవరంలో మా పుట్టింట్లో ఉండమన్నారండి. ఆదివారం పంపేస్తారంట. అది ఎవరి చెయ్యో మీకు తెలుస్తుంది కదండీ, ఆ ఒక్క మాటా చెప్పండి బాబాయిగారూ.”

ఫోటో వంక చూశాను. పూలకుండీ స్టాండుని కత్తిరించి పారేసేసరికి, దాని మీదుండే చెయ్యి వచ్చి దుర్గాశ్రీ భుజం మీద వాలింది. ఎంత చక్కగా వాలిందంటే నా పనితనానికి నాకే భయమేసింది. నిజం చెబితే ఎన్ని ఊళ్ల నుంచి ఎంతమంది అత్తగార్లు ఫోటోలు పట్టుకుని నా మీదకి వస్తారో తలుచుకుని ఒక్క క్షణం తటపటాయించాను. ఆ క్షణంలో ముత్యాలరాజు కుర్చీలోంచి లేచాడు.

“అమ్మా, మీరు నిశ్చింతగా ఇంటికెళ్లండి. ఆ అజ్ఞాత హస్తాన్ని ఆదివారం ఇదే స్టూడియోలో మీ అత్తగారి ఎదట పెడతాను. ఆవిణ్ణి తీసుకురండి.”

“ముత్యాలరాజూ, ఆ చెయ్యి...”

“నువ్వు ఫోటోలు తీసుకో. నేరాలు నాకొదిలెయ్యి.”

ఆమె కొండంత ఆశతో వెళ్లింది. వాడు భూతద్దం తీసి ఫోటో మీదకి వంగాడు.

“చూడరా ప్రసాదం. చిటికెన వేలికి గోరు పెంచేడు. అంటే ఒళ్లొంచి పనిచేసే రకం కాదు. తిండికి ఎవడి మీదో పడి బతుకుతున్నాడు.”

“నిజమే” అన్నాను. ఆ పూట వాడు మా ఇంట్లోనే భోంచేశాడు.

“పగడం ఉంగరం. అంటే ఎంతకీ పెళ్లి కుదరక, జాతకాలు చెప్పేవాడి మాట విన్నాడు. వాచీ మణికట్టు లోపలివైపుకి తిప్పేడు. అంటే తానేదో గొప్పవాణ్ణనే భ్రమ. మొత్తమ్మీద సోమరి, ముదురు బ్రహ్మచారి, తెలివితక్కువ దద్దమ్మ.”

భూతద్దం పట్టుకున్న చేతికి చిటికెన గోరు, పగడం, తిప్పిన వాచీ మూడూ ఉన్నాయి. భూతద్దంలోంచి చూసేవాడికి భూతద్దం పట్టుకున్న చెయ్యి కనపడదని నాకు ఆ రోజే తెలిసింది.

“ఒరే, ఒక్కసారి నీ చెయ్యి చూసుకో” అన్నాను, ఉండబట్టలేక.

“చేతులు చూసి జాతకం చెప్పడం కాదురా ఇది. సైన్సు.”

అక్కణ్ణించి వాడు ఊరి మీద పడ్డాడు. కనపడ్డ మగవాడికల్లా కరచాలనం చేసి, చెయ్యి వదలకుండా వేళ్లు తడిమేవాడు. అప్పనపల్లి గుళ్లో ప్రసాదాలు పంచేచోట నిలబడి చాచిన చేతులన్నీ పరీక్ష చేస్తుంటే, పూజారిగారు వీడికి రెండోసారి పులిహోర కావాలేమో అనుకున్నారు. టీకొట్టు వెంకన్న మాత్రం వేళ్లు తడిమించుకున్నాక, అదే చేత్తో ఒక్కటిచ్చుకున్నాడు.

ఆదివారం దుర్గాశ్రీ, చంకలో పిల్ల, చేతిలో బట్టల సంచీతో వచ్చింది. ఇక్కడ తేలకపోతే అటు నుంచి అటే రేవు దాటి గంగవరం వెళ్లిపోవడమే. ఆమె అత్తగారు కనకరత్నం పెళ్లికూతుళ్ల కుర్చీలో కూర్చుని, ఫోటో ఒళ్లో పెట్టుకుంది. ముత్యాలరాజు గల్ఫ్ వాళ్లిళ్ల నుంచి బతిమాలి తెచ్చిన ఫ్రేములు గోడకి వరసగా ఆనించాడు.

“గుండె దిటవు చేసుకోండి పిన్నిగారూ. ఇది రాజోలులో దొరికింది. ఇది మామిడికుదురులో. ఇది మీ ఇంట్లో. తలలు వేరు, చెయ్యి మాత్రం ఒక్కటే. అంటే ఒకే దుర్మార్గుడు తలలు మార్చుకుంటూ ఇన్ని కొంపల్లో దూరేడండి.”

“ఇన్ని కొంపల్లోనా” అంది కనకరత్నం, కోడలి వంక తిరిగి.

దుర్గాశ్రీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంక నా వల్ల కాలేదు. పరువు పోతే పోయింది, స్టూడియో మూతపడితే పడిందనుకుని లేచాను.

“ఆగండి పిన్నిగారూ, ఆ చెయ్యి ఎవరిదో నేను...”

“నువ్వు కూర్చో ప్రసాదం” అంటూ ముత్యాలరాజు నన్ను ఆపబోయి వెనక్కి అడుగేశాడు. కాలు లైటు వైరులో చిక్కుకుంది. గాల్లో ఈత కొట్టినట్టు కొట్టుకుని, దొరికినదాన్ని పట్టుకున్నాడు. దొరికింది కనకరత్నం భుజం.

ఆవిడ భుజం మీదకి చూసుకుంది. ఒళ్లో ఫోటో వంక చూసింది. మళ్లీ భుజం మీదకి చూసుకుంది.

“అలాగే ఉంచండి బాబూ, తియ్యకండి” అంది. “గోరు. పగడం. వాచీ.”

ముత్యాలరాజు కూడా చూశాడు. ముఖం గంభీరంగా పెట్టాడు.

“ఎంత కుట్రండీ ఇది. నేరస్థుడు నా చెయ్యి లాంటి చెయ్యే సంపాదించేడు, నన్ను ఇరికించడానికి.”

నేను లోపలికి పోయి వాడి పాత ఫోటో తెచ్చాను. పూలకుండీ స్టాండు, కత్తెర, జిగురు, అన్నీ దాచకుండా చెప్పాను. కనకరత్నం ముత్యాలరాజుని నఖశిఖపర్యంతం చూసింది.

“ఈయనదా” అంది.

ఆ ఒక్క మాటతో అనుమానం చచ్చిపోయింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒళ్లంతా కుదిలేలా నవ్వింది. ముత్యాలరాజులా, నిర్దోషిగా తేలినందుకు అంత అవమానపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నవ్వు ఆపుకుని ఆవిడ పక్క ఎస్టీడీ బూత్‌లోంచి కువైటుకి ఫోన్ చేసింది. గోడ ఇవతలికి ప్రతి మాటా వినిపించింది.

“ఒరే సత్యం, చెయ్యి దొరికిందిరా. పోస్టులో డిటెక్టివు చదివినాయనది. ఇందాక నా భుజం మీద కూడా వేసేడు. మరి నన్నూ పుట్టింటికి పంపుతావేంటి?”

ముత్యాలరాజు చొక్కా దులుపుకున్నాడు. “ఆదివారం అత్తగారి ఎదట చెయ్యి పెడతానన్నానా లేదా? కేసు మూసేస్తున్నాను” అన్నాడు. ఎదట కాదు, ఏకంగా మీదే పెట్టాడు.

కనకరత్నం బూత్‌లోంచి తల బయటపెట్టింది. “అమ్మా దుర్గా, వాడు నవ్వుతున్నాడే. నిన్ను మాట్లాడమంటున్నాడు, రా.”

దుర్గాశ్రీ అటు వెళ్లలేదు. సంచీ కింద పెట్టి, పిల్ల జుట్టు సర్ది, ఖాళీ అయిన కుర్చీలో కూర్చుంది.

“ఫోటో మళ్లీ తియ్యండి బాబాయిగారూ. నేనూ, పాపా.”

“ఆయ్, అలాగేనమ్మా” అని, అలవాటు కొద్దీ, “సత్యం గారిని ఎటు పక్కన పెట్టమంటావ్?” అన్నాను.

“ఎటు పక్కనా వద్దండి. ఫోటోలో ఉండాలనుంటే ఆయన్నే వచ్చి నిలబడమనండి” అంది, కెమెరా వంక సూటిగా చూస్తూ. “చేతులతో సహా.”